సూపర్‌క్లస్టర్ హద్దు గీయడంలో చిక్కంతా దూరం దగ్గరే

గెలాక్సీల వేగాలను కొలిస్తే సూపర్‌క్లస్టర్ (వేలాది గెలాక్సీల మహా సమూహం) హద్దు ఎలా తెలుస్తుందని మీరు అడిగారు. హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పేవాడిని కనుక నేను చెరువులతోనే మొదలుపెడతాను. పాఖాల చెరువు నీరు మున్నేరు ద్వారా కృష్ణలో కలుస్తుంది; రామప్ప, లక్నవరం చెరువుల నీరు గోదావరి వైపు పోతుంది. నడుమనున్న మిట్ట కంటికి పెద్దగా ఆనకపోయినా వాన నీరు అక్కడే రెండుగా చీలిపోతుంది. 2014లో ఖగోళ శాస్త్రవేత్త బ్రెంట్ టల్లీ బృందం మన సూపర్‌క్లస్టర్ లానియాకియాకు హద్దు గీసింది కూడా ఇలాగే, గెలాక్సీల ప్రవాహం ఏ గీత దగ్గర విడిపోతున్నదో చూసి. అడ్డుకొలత సుమారు 52 కోట్ల కాంతి సంవత్సరాలని తేలింది.

సూత్రం చిన్నదే. రెడ్‌షిఫ్ట్ (దూరమయ్యే గెలాక్సీ కాంతి ఎరుపు వైపు జరగడం) నుంచి వచ్చే మొత్తం వేగంలోంచి, ఆ దూరానికి విశ్వవ్యాకోచం వల్ల ఉండవలసిన వేగాన్ని (దూరం పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది) తీసివేస్తే మిగిలేది గెలాక్సీ సొంత వేగం. ఒక వేసవి సెలవుల్లో, అందరికీ అందుబాటులో ఉన్న, గెలాక్సీల దూరాలు, వేగాలు ఇచ్చే కాస్మిక్‌ఫ్లోస్ పట్టికను దించుకొని ఎక్సెల్‌లో ఈ తీసివేత చేసి చూశాను. పక్కపక్కనే ఉండవలసిన రెండు గెలాక్సీలలో ఒకటి సెకనుకు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు వేగంతో మన వైపు, రెండోది అంతే వేగంతో అవతలికి పోతున్నట్లు వచ్చింది. సూత్రం తప్పు వేశానేమోనని రెండు రోజులు వెతికాను.

తప్పు సూత్రంలో లేదు. సర్పిలాకార గెలాక్సీ ఎంత వేగంగా తిరుగుతున్నదో హైడ్రోజన్ వెలువరించే 21 సెంటీమీటర్ల రేడియో రేఖ వెడల్పును బట్టి తెలుసుకొని, దాని నుంచి అసలు ప్రకాశాన్ని, ఆపై దూరాన్ని రాబట్టే టల్లీ-ఫిషర్ పద్ధతిలో ఒక్కో గెలాక్సీ దూరంలో దాదాపు 20 శాతం పొరపాటు ఉంటుంది. 30 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో వ్యాకోచ వేగమే సెకనుకు సుమారు 7,000 కిలోమీటర్లు; అందులో 20 శాతమంటే 1,400. మనం వెతికే సొంత వేగమో, కొన్ని వందలు మాత్రమే. పైగా దొరికేది మన చూపు దిశలోని వేగమే, అడ్డంగా జరిగే కదలిక అందదు.

అందుకే ఎనిమిది వేలకు పైగా గెలాక్సీల కొలతలను కలిపి, ఈ కదలికలన్నింటికీ గురుత్వాకర్షణే కారణమన్న షరతు పెట్టి, వేగాల పటాన్ని గణితంతో పునర్నిర్మించారు. నా దృష్టిలో దీని అసలు లాభం వేరే ఉంది: పాలపుంత ధూళి వెనుక దాగిన పదార్థం కనబడకున్నా, దాని వైపు ఒరిగే గెలాక్సీలు దాని ఉనికిని పట్టిస్తాయి. చుట్టుపక్కల గెలాక్సీలను తన వైపు లాగే భారీ పదార్థరాశి, గ్రేట్ అట్రాక్టర్, అలాగే బయటపడింది.

చెరువుల పోలిక ఒకచోట మాత్రం చెల్లదు. వాగు నీరు చివరికి నదిని చేరుతుంది. లానియాకియాలోని గెలాక్సీలు ఒకచోటికి చేరవు, వ్యాకోచం వాటిలో చాలావాటిని అంతకుముందే విడదీస్తుంది.