పగ్ పిల్లలకు అంగిట్లో చీలిక: గ్రహణం వల్లేనా?

ప్రశ్న: మా పగ్ పోయిన వారం ఐదు పిల్లలు పెట్టింది. రెండింటికి తాగిన పాలు ముక్కులోంచి బుడగలుగా వచ్చేస్తున్నాయి. నోరు తెరిచి చూస్తే అంగిట్లో నడిమధ్యన చీలిక! గ్రహణం రోజు దాన్ని బయటికి వదిలినానని మా అత్త ఒకటే సణుగుడు. మగది దీనికి తోడబుట్టినదే, మా మరిది ఇంట్లో పెరుగుతోంది. క్రాసింగ్ అయిన కొత్తల్లో వంటి మీద తామర లేస్తే మెడికల్ షాపులో గ్రైసోఫుల్విన్ మాత్రలు తెచ్చి వేసినాం, చూలు నిలిచిందని అప్పటికి తెలియదు. బలానికని రోజూ కార్జం కూడా పెట్టినాం. తప్పెక్కడ జరిగింది? మిగతా మూడింటిని అమ్మొచ్చా?
- ఒక పాఠకురాలు, మైదుకూరు

జవాబు: గ్రహణాన్ని వదిలేయండమ్మా, ఆ పూట మీ ఊరి వీధికుక్కలన్నీ బయటే తిరిగాయి. మీ ఉత్తరంలోనే అసలు అనుమానాలు మూడున్నాయి, వాటిలో ఏదని ఇప్పుడు తేల్చి చెప్పడం ఎవరి తరమూ కాదు, రెండు మూడు కలిసి కూడా ఉండొచ్చు.

మొదటిది వరస. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ఈ చీలిక మామూలుగానే ఎక్కువ. పైగా అన్నాచెల్లెళ్లను కలిపారు. లోపమున్న జన్యువు ఒక్కటే ఉంటే చాలాసార్లు కుక్క బాగానే కనిపిస్తుంది, అదే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే పిల్లలో బయటపడుతుంది. తోడబుట్టినవాటిలో అలా జరిగే అవకాశం ఎక్కువ.

రెండోది ఆ మాత్రలు. కుక్క మోసేది సుమారు 63 రోజులు, అంగిలి అతుక్కునేది నాలుగో వారం ప్రాంతంలో. స్కాన్‌లో చూలు తెలిసేది కూడా ఇంచుమించు అప్పుడే! అందుకే క్రాసింగ్ అయిన రోజు నుంచే కడుపుతో ఉన్నట్టు లెక్క వేసుకుని, డాక్టర్‌ను అడగకుండా ఏ మందూ వేయకూడదు. గ్రైసోఫుల్విన్ అయితే చూలు కుక్కకు అసలు పనికిరాదు, స్టెరాయిడ్లతోనూ ఇదే భయం. షాపువాడు ఇవన్నీ అడగడు కదా.

కార్జం మంచిదే, రోజూ పెడితేనే చిక్కు. అందులోని విటమిన్ ఎ మోతాదు మించితే కడుపులోని పిల్లలకు ఇలాంటి లోపాలు వస్తాయి. ఫోలిక్ యాసిడ్ తక్కువైనా అంతే, దాన్ని హీట్‌కు వచ్చినప్పటి నుంచే డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వాలి.

ఇప్పుడు తొందర ఆ రెండు పిల్లల గురించి. ఉగ్గుగిన్నెతో, సిరంజితో నోట్లో పాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. సన్నటి ట్యూబుతో నేరుగా కడుపులోకి పట్టించాలి, ఎంత లోపలికి పెట్టాలో డాక్టర్ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. ఆవు పాలు చాలవు, కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి తీసుకోండి. ఆయాసపడినా, ఊపిరిలో గురగుర వినిపించినా వెంటనే చూపించాలి. నిలదొక్కుకుంటే మూడు నాలుగు నెలల వయసులో ఆపరేషన్ చేయించొచ్చు. మీకు దగ్గర్లోనే ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, ముందు అక్కడ అడగండి.

మిగతా మూడూ పైకి బాగున్నా ఆ జన్యువు మోస్తుండొచ్చు. పెంచుకోవడానికైతే ఇవ్వండి, విషయం దాచకుండా చెప్పి, పిల్లలు పెట్టించొద్దని ఒప్పించి ఇవ్వండి. తల్లికీ మీ మరిది కుక్కకీ ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయడం మంచిది. మళ్లీ ఆ రెంటినీ మాత్రం కలపకండి.