సొంత వర్క్‌షీట్ పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

పదో తరగతికి కిరణజన్య సంయోగక్రియ మీద మీరే వర్క్‌షీట్ చేశారు, అది బాగుందో లేదో తేల్చుకోవాలి. అంతే కదా?

నచ్చిందా అని అడిగితే పిల్లలు నచ్చిందనే అంటారు. అది లెక్కలోకి రాదు. పాఠానికి ముందే ఒక్క ప్రశ్న వేయండి: చిన్న విత్తనం పెద్ద మానైంది, ఆ బరువంతా ఎక్కణ్ణుంచి వచ్చింది? "మట్టిలోంచి" అని రాసేవాళ్లు బోలెడుమంది, సమీకరణం గడగడా అప్పజెప్పేవాళ్లతో సహా.

ఇక్కడ 17వ శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ ప్రయోగం పనికొస్తుంది. ఆయన 5 ఏళ్లు తొట్టిలో విల్లో మొక్కను పెంచాడు. చెట్టు సుమారు 74 కిలోలు పెరిగింది, మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. అంకెలు ఇచ్చి, కారణం పిల్లల్నే రాయనివ్వండి. ఆయన మాత్రం అదంతా నీళ్లే అనుకున్నాడు. నిజానికి కట్టె ఎక్కువగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వాయువుతోనే తయారవుతుంది. తమాషా ఏంటంటే, 'గ్యాస్' అనే మాట పుట్టించింది ఆయనే!

రెండు వారాలాగి అదే ప్రశ్న వేషం మార్చి అడగండి: మోపెడు కట్టెలు కాలిస్తే గుప్పెడు బూడిద మిగిలింది, మిగతాది ఏమైంది? మార్కులు వేయొద్దు. జవాబుల్ని మట్టి, నీరు, గాలి అని మూడు కుప్పలు పెట్టండి. గాలి కుప్ప పెరగలేదా, షీటు మార్చాల్సిందే.

క్లాసంతటికీ ఇచ్చేముందు నలుగురైదుగురి చేత పైకి చదివిస్తూ చేయించండి. నా షీటులో "ద్రవ్యరాశి" దగ్గరే ఆగిపోయారు. "బరువు" అని మార్చాక పెన్నులు కదిలాయి.