పలకల కప్పు ఉరుస్తోందా? సిలికాన్ పక్కన పెట్టి కొలత టేపు పట్టుకోండి

ప్రశ్న: దేవరకొండ దగ్గర తోటలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఇనుప ఫ్రేమ్ మీద ప్లైవుడ్ కొట్టి, పైన మార్కాపురం రాతి పలకలు వేయించాం. పలక పొడవు 16 అంగుళాలు, బయటికి 8 అంగుళాలు కనిపిస్తుంది. మొదటి పెద్ద వానకే ఉరిసింది. మేస్త్రీ సందుల్లో సిలికాన్ (సందులు మూసే జిగురు) పెట్టాడు, కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. ఇప్పుడు పైనంతా వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొడదాం అంటున్నాడు. కొట్టించమంటారా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వద్దు సార్, కొట్టించకండి. మీరు రాసిన రెండు కొలతల్లోనే జబ్బు దొరికింది.

పలకల కప్పులో నీళ్లను ఆపేది సిలికాన్ కాదు, పలక మీద పలక ఎంత ఎక్కింది అన్నదే. పక్కపక్క పలకల మధ్య సందు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అందులోంచి నీళ్లు దిగుతాయి, దిగినవి కింది పలక మీద పడి జారిపోవాలి. అందుకే కింది నుంచి లెక్కిస్తే మూడో వరుస పలక కింది అంచు, మొదటి వరుస పలక పై అంచును దాటి కనీసం 3 అంగుళాలు కిందికి రావాలి, వాలు తక్కువగా ఉంటే 4. పలక పొడవులోంచి 3 తీసేసి సగం చేయండి, అంతే బయటికి కనిపించాలి. మీ 16 అంగుళాల పలకకు ఆరున్నర. 8 కనిపిస్తోందంటే మూడో వరుస మొదటిదాని మీదికి ఎక్కింది సున్నా, గాలివానకు నీళ్లు పలక తల మీదుగా ప్లైవుడ్ మీదికి పోతున్నాయి. ఇలా 8 వదిలి పరిస్తే పలకలు దాదాపు ఐదో వంతు తక్కువ పడతాయి, పరిచేవాళ్లకు ఆశ అక్కడే పుడుతుంది. ఇక సందులు సిలికాన్‌తో మూస్తే లోపలికి పోయిన నీళ్లకు బయటికి దారి ఉండదు, చెక్క నానుతుంది.

కప్పు మొత్తం ఇలాగే ఉంటే పైపై రిపేరు లేదు, విప్పి మళ్లీ పరవాల్సిందే. ఈ మాట మీకు కష్టంగానే ఉంటుంది, కానీ జాగ్రత్తగా విప్పితే పలకలు చాలావరకు మళ్లీ పనికొస్తాయి. విప్పేముందు వాలు కొలవండి: 12 అడుగుల అడ్డానికి 4 అడుగులైనా ఎత్తు లేకపోతే అక్కడ పలకలే వద్దు, రేకు వేసుకోండి. ప్రతి పలకనూ వేలితో కొట్టి చూడండి, ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే పక్కన పడేయండి. చూరు దగ్గర మొదటి వరుస కింద ఇంకో వరుస ఉండాలి, చాలామంది మరిచేది అదే. కింది వరుస సందు మీదికి పై వరుస సందు రాకూడదు, 3 అంగుళాలైనా జరగాలి.

మేకుల సంగతి గట్టిగా చెప్పండి. పలక మేకుకు వేలాడాలి. బిగించి కొడితే పగులుతుంది, మేకు తల పైకి వదిలేస్తే పై పలకను పొడుస్తుంది. రాగి లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులే వాడండి, మామూలువి తుప్పు పట్టి తెగితే మంచి పలక కూడా జారి పడుతుంది. రెండు వాలులు కలిసే చోట రేకు సరిగ్గా ఉందో లేదో చూడండి. పలకల మీద నడవనివ్వకండి, పైన కొక్కెం ఉన్న నిచ్చెన వేసుకొని పని చేయాలి.

అక్కడక్కడ ఒకటి రెండు పలకలు పగిలినవాళ్లకు ఇంత అక్కర్లేదు. సన్నటి ఇనుప పట్టీని పలక కిందికి దూర్చి మేకులు తెంపి, పగిలినది లాగేసి, పై వరుసలో రెండు పలకల మధ్య సందులోంచి కొక్కెం మేకు కొట్టి, దాని మీద కొత్త పలక నిలబెడితే చాలు. ఎక్కడ ఉరుస్తుందో తెలియకపోతే పైపుతో నీళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వరుసా పైకి పోతూ పోయండి, లోపల ఒక మనిషి చూస్తూ ఉండాలి.

ప్రశ్న: కొడంగల్ దగ్గర మా తాతల నాటి బండల ఇల్లు. కప్పు బండల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. పైన 2 అంగుళాల కాంక్రీట్ పోస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: పోయకండి అమ్మా. 100 చదరపు అడుగులకు టన్నుకు పైగా బరువు పడుతుంది, దూలాలు పాతవి. ముందు దూలాల చివర్లు గోడలో దిగిన చోట చెద ఉందేమో పొడిచి చూపించండి. తర్వాత సందుల్లోని పాత సిమెంటు గీకి, కడిగి, తడి మీదే సున్నం గచ్చు కూర్చి, కొన్నాళ్లు తడుపుతూ ఉండాలి. బండ నిలువునా చీలి ఉంటే మాత్రం గచ్చుతో ఆగదు, ఆ బండ మార్చాల్సిందే. పని వానాకాలం ముందే, ఎండలు ముదరకముందే చేయించండి.