బ్రిటన్ కారు కోసం ఆ 9 లక్షలు కదపకండి

ప్రశ్న: చిత్తూరులో మామిడి మండీ నడుపుతూ గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి తోలుతుంటాను. ఏడాది మొత్తం మీద చూస్తే నెలకు లక్షన్నర మిగులుతుంది. ఇంటి ఖర్చు 70 వేలు. బ్రిటన్‌లో ఉన్న మా బావమరిది సాయంతో అక్కడే కొత్త రేంజ్ రోవర్ ఎవోక్ కొని, కుటుంబంతో మూడు వారాలు స్కాట్లాండ్ దాకా తిరిగి, ఆ తర్వాత ఓడలో చెన్నైకి పంపాలని ఆలోచన. ఓడ కిరాయి, బీమాతో కలిపి 45 లక్షలు, కస్టమ్స్‌కు 20 లక్షలు అనుకుంటున్నాను. ఇంటి తనఖాపై 40 లక్షలు, బంగారం మీద 16 లక్షలు వస్తాయి. బ్యాంకులో 9 లక్షలు ఊరికే పడి ఉన్నాయి. వెయ్యి పౌండ్లు అడ్వాన్సు కట్టాం. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది కారు కాదు, ఆ 9 లక్షలు. అవి ఊరికే పడి లేవు. మీ ఇంటికి ఏడాది ఖర్చు 8 లక్షల 40 వేలు. అంటే సరిగ్గా ఉండాల్సినంత అత్యవసర నిధి మీకు తెలియకుండానే మీ దగ్గర ఉంది. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు చాలదు. మీ ఏడాది సంపాదన నాలుగు నెలల సీజన్ మీద నిలబడింది. 2025లో తోతాపురిని అడిగే నాథుడు లేనప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం మరో 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఆ ఏడాది మీ బకాయిలు ఎప్పుడు చేతికి వచ్చాయో నాకంటే మీకే బాగా తెలుసు. మళ్లీ అలాంటి సీజన్ వస్తే, అదే నెలలో ఇంట్లో ఎవరినైనా రాత్రికి రాత్రి వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే, తాకట్టు పెట్టడానికి బంగారం కూడా మిగలదు.

ఇక కారు లెక్క. అక్కడ రిజిస్ట్రేషన్ చేయించి తిరిగిన కారు మన కస్టమ్స్ దృష్టిలో కొత్తది కాదు, పాతది. పాత కారును రానివ్వాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి, బ్రిటన్ కారుకు కుడివైపే కాబట్టి ఆ గండం గట్టెక్కారు. కానీ పాత కార్లు దిగేది ముంబై రేవులోనే, చెన్నైలో కాదు. సుంకం, సెస్సు కలిపి 137.5 శాతం. 45 లక్షల మీద అది దాదాపు 62 లక్షలు. మొత్తం 1 కోటి 7 లక్షలయ్యాక, దాని మీద 40 శాతం జీఎస్టీ, అంటే మరో 43 లక్షలు. కోటిన్నర! మీరు కూడగట్టేది 65 లక్షలు. మిగతా 85 లక్షలకు ఎవరి దగ్గర చేయి చాస్తారు? రేవులో దించిన 30 రోజుల్లో విడిపించుకోకపోతే కస్టమ్స్ వాళ్లు నోటీసు ఇచ్చి కారును అమ్మేయవచ్చు. ఈలోగా రేవు అద్దె రోజురోజుకూ పెరుగుతూనే ఉంటుంది. బ్రిటన్‌తో 2025 జులైలో సంతకాలైన వాణిజ్య ఒప్పందం ఆదుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అందులోని రాయితీ కోటా ప్రకారం వచ్చే కొత్త కార్లకు.

పోనీ, 65 లక్షలతోనే పని జరిగిందనుకుందాం. ఇంటి తనఖా రుణానికి 10 శాతం వడ్డీతో పదేళ్లకు నెలకు దాదాపు 53 వేలు, బంగారం వడ్డీ మరో 13 వేలు. ఇంటి ఖర్చు పోగా మీ చేతిలో మిగిలేది 14 వేలు. అదీ సీజన్ బాగుంటేనే. పిల్లలు నిద్రపోయే ఇంటిని పట్టుకెళ్లి, ఏటా విలువ కరిగిపోయే వస్తువు కోసం బ్యాంకులో పెట్టడం ఏం లెక్క? కొరివితో తల గోక్కోవడమే.

బ్రిటన్ వెళ్లండి, సరదాగా తిరగండి. మన లైసెన్సుతో అక్కడ ఏడాది వరకు కారు నడపవచ్చు, అద్దెకు తీసుకోండి. అదే ఎవోక్‌ను మన దేశంలోనే బిగించి అమ్ముతున్నారు, కోటి లోపే వస్తుంది. అదైనా ఇప్పుడు మీకు ఎక్కువే.

ఆ 9 లక్షల్లో రెండు లక్షలు పొదుపు ఖాతాలో, మిగతాది మూడు నాలుగు డిపాజిట్లుగా విడదీసి, మీ శ్రీమతి గారి పేరుతో కలిపి ఉమ్మడిగా పెట్టండి. మండీ లావాదేవీల ఖాతాలో మాత్రం ఉంచవద్దు, సీజన్‌లో రైతులకు అడ్వాన్సులుగా వెళ్లిపోతుంది. ఆరోగ్య బీమా ఊసు మీరు ఎత్తలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు.

వెయ్యి పౌండ్లు వెనక్కి ఇస్తారేమో బావమరిదిని అడగమనండి. ఇవ్వకపోతే వదిలేయండి.