మాంటెరీలో తిమింగలాల బోట్: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి

మీరు అడిగింది ఇదీ: ఆగస్టు చివర్లో అమ్మానాన్న, అత్తగారు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వస్తున్నారు, ముగ్గురికీ అరవై దాటాయి, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది, మాంటెరీలో వేల్ వాచింగ్‌కి తీసుకెళ్తే బాగుంటుందా, లేక డబ్బు దండగా అని. బాగుంటుందండీ, తప్పకుండా తీసుకెళ్ళండి. మా ఇంట్లో రెండు వైపుల పెద్దవాళ్ళనీ తీసుకెళ్ళిన అనుభవంతో చెప్తున్నాను. కాకపోతే ఏ తిమింగలం కనిపిస్తుందని కాకుండా, మీవాళ్ళ ఒళ్ళు ఎంతసేపు ఊగుడు తట్టుకుంటుందో చూసుకుని నెల, టైము, బోటు ఎంచుకోండి. ఈ ఒక్కటి సరిగ్గా కుదిరితే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి.

ముందు మాంటెరీయే ఎందుకో చెప్తాను. అక్కడ సముద్రం అడుగున ఒక పెద్ద లోయ ఉంది. మాస్ ల్యాండింగ్ అనే ఊరి ఒడ్డును ఆనుకునే మొదలై, దూరం వెళ్ళేకొద్దీ మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిపోతుంది. వసంతంలో, వేసవిలో వాయవ్యం నుంచి వీచే గాలికి పైనీళ్ళు సముద్రం వైపు జరిగిపోతే వాటి చోటులోకి అడుగునున్న చల్లటి నీళ్ళు పైకొస్తాయి. ఆ నీళ్ళలో పోషకాలు ఎక్కువ కాబట్టి క్రిల్ అనే చిట్టి రొయ్యల్లాంటి జీవులు, ఆంచోవీ చేపలు విపరీతంగా పెరుగుతాయి, వాటి కోసం తిమింగలాలు వస్తాయి. లోయ ఒడ్డు దగ్గరే ఉండటం వల్ల గంటలకొద్దీ నడిసముద్రంలోకి పోనక్కర్లేదు, చాలాసార్లు ఒడ్డు మీది కొండలు కనిపిస్తుండగానే చూసేస్తాం. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఫారలోన్ దీవుల వైపు కూడా బోట్లు వెళ్తాయి, మీకు దగ్గర కదా అని దానికి బుక్ చేయకండి. గోల్డెన్ గేట్ దాటి దాదాపు 30 మైళ్ళు నడిసముద్రంలోకి పోవాలి, అలలు గట్టిగా ఉంటాయి, రోజులో సగానికి పైగా బోటు మీదే అయిపోతుంది. పెద్దవాళ్ళకి అది శిక్షే.

ఇక నెల సంగతి. హంప్‌బ్యాక్ తిమింగలాలు సుమారు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా మేతకొచ్చి ఉంటాయి. నీలి తిమింగలాలు వస్తే వేసవి, శరత్కాలంలోనే. గ్రే వేల్స్ డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అటూ ఇటూ వెళ్తూ కనిపిస్తాయి, అలాస్కా పైనుంచి మెక్సికోలోని బాహా దాకా వెళ్ళి పిల్లల్ని కని తిరిగెళ్తాయి. ఆ పిల్లల్ని వేటాడటానికి ఏప్రిల్, మే నెలల్లో ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్, వస్తాయి. మీవాళ్ళు ఆర్నెల్లు ఉంటారు కాబట్టి నా సలహా సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. ఆగస్టులో అక్కడ పొగమంచు ఎక్కువ, సెప్టెంబరుకి ఆకాశం తేటపడుతుంది, హంప్‌బ్యాక్‌లు ఇంకా ఉంటాయి, సముద్రం కూడా చాలా రోజులు నెమ్మదిగానే ఉంటుంది. వచ్చిన మొదటివారం మాత్రం వద్దు, జెట్ లాగ్‌లో ఉన్నవాళ్ళని తెల్లవారుజామున లేపి కారెక్కించి, ఆపైన పడవెక్కిస్తే ఎంత మంచి ట్రిప్పయినా పాడవుతుంది. చివరివారానికి కూడా పెట్టుకోకండి, కారణం తర్వాత చెప్తాను.

టైము అంటే పొద్దున్న మొదటి బోటే. మధ్యాహ్నం అయ్యేసరికి గాలి లేస్తుంది, గాలి లేస్తే అలలు లేస్తాయి. మూడు, నాలుగు గంటల ట్రిప్పు చాలు. రోజంతా తిప్పే ట్రిప్పులు కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్ళకి.

వెళ్ళే దారి గురించి ఎవరూ చెప్పరు గానీ ఇది ముఖ్యం. మ్యాప్ ఒక్కోసారి హైవే 17 చూపిస్తుంది, శాంటాక్రూజ్ కొండల మీదుగా మలుపులే మలుపులు, బోటెక్కకముందే కడుపులో తిప్పేస్తుంది. 101 మీద గిల్‌రాయ్ దాటి 156 పట్టుకుని కాస్ట్రోవిల్ మీదుగా వెళ్ళండి. గిల్‌రాయ్ దగ్గర కొన్ని నెలల్లో కారు అద్దాలు మూసి ఉన్నా వెల్లుల్లి వాసన వస్తుంది, మా అత్తగారు ఆ ట్రిప్పు గురించి ఎవరికి చెప్పినా ముందు దానితోనే మొదలుపెడతారు.

భయం సంగతి కూడా మాట్లాడుకోవాలి. మాది గోదావరి వైపు. 2019 సెప్టెంబరులో పాపికొండలు వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు మా అమ్మ రోజుల తరబడి టీవీ ముందే కూర్చుంది, ఆ తర్వాత పడవ మాటెత్తితే చాలు వద్దనేది. మీవాళ్ళలోనూ ఇలాంటి భయం ఉంటే 'ఏం కాదులే' అని కొట్టిపారేయకండి, ఆ భయం ఉత్తినే వచ్చింది కాదు. ఇక్కడ ఆరుగురికి మించి ప్రయాణికులను ఎక్కించుకునే బోటును కోస్ట్ గార్డ్ తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో అందులోనే ఉంటుంది, దాన్ని బోటులో కనబడేలా పెడతారు. కెప్టెన్‌కి లైసెన్సు ఉండాలి. బయల్దేరే ముందు లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, ఎలా వేసుకోవాలో చెప్తారు. మా అమ్మకి మాటలతో నచ్చజెప్పకుండా, ఎక్కగానే గోడ మీది ఆ కాగితం చూపించి అందులోని అంకె చదివి వినిపించాను, తర్వాత జాకెట్ల పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్కినవాళ్ళని ఆవిడే ఒకసారి లెక్కపెట్టుకుని, అప్పుడు కూర్చుంది. పెద్దవాళ్ళ చేత జాకెట్ తప్పనిసరిగా వేయించరు, కానీ మీవాళ్ళకి వేసుకుంటే ధైర్యంగా ఉంటుందంటే అడగండి, ఇస్తారు. పాపకి మాత్రం తన సైజు జాకెట్ అడిగి మొదటి నుంచీ వేసే ఉంచండి.

మీ అత్తగారి మోకాళ్ళకి అసలు పరీక్ష బోటు మీద కాదు, బోటు దాకా వెళ్ళడంలో ఉంది. డాక్ నీటి మీద తేలుతుంటుంది, పైనుంచి దాని మీదికి ఒక ర్యాంప్ ఉంటుంది. పోటు మీద నీరు నిండుగా ఉంటే ర్యాంప్ దాదాపు చదునుగా ఉంటుంది, ఆటుకి నీరు బాగా దిగితే నిటారుగా అయిపోతుంది. కాబట్టి మీరనుకున్న తేదీకి మాంటెరీ పోటుపాట్ల పట్టిక ఆన్‌లైన్‌లో చూసుకుని, బోటెక్కే టైముకీ దిగే టైముకీ నీరు మరీ తక్కువగా లేని రోజు పెట్టుకోండి. రెండు నిమిషాల పని. బోట్‌లో పై డెక్‌కి నిచ్చెనలాంటి మెట్లుంటాయి, ఆవిడని ఎక్కనివ్వకండి. కింద డెక్‌లో, మధ్య నుంచి వెనక్కి, చేతికి కమ్మీ అందే చోట కూర్చోబెట్టండి. బోటు ముక్కు దగ్గర ఊపు చాలా ఎక్కువ. టాయిలెట్ ఉంటుంది గానీ ఇరుకు, బోటు కదులుతుంటే తలుపు మూసుకుని నిలబడటం కూడా కష్టమే, డాక్ మీదే ఒకసారి వెళ్ళిరమ్మనండి.

కడుపులో తిప్పడం గురించి. ఖాళీ కడుపుతో వెళ్తే వాంతులు రావనుకుంటారు మనవాళ్ళు, అది తప్పు, ఇంకా ఎక్కువవుతుంది. పొద్దున్నే రెండు ఇడ్లీలో, బ్రెడ్డో, అరటిపండో చాలు, పూరీలు, పచ్చళ్ళు, చిక్కటి కాఫీ వద్దు. ఇక్కడ మెక్లిజిన్ మాత్రలు ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతాయి, ఎక్కడానికి ఒక గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. మనవాళ్ళు ఇండియా నుంచి అవోమిన్ తెచ్చుకుంటారు కూడా. ఏదైనా సరే, గ్లాకోమా ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్ళు, రోజూ నాలుగైదు రకాల మందులు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు, మీరు బయల్దేరకముందే ఇండియాలో వాళ్ళ డాక్టర్‌కి ఒక మెసేజ్ పెట్టించండి. బోటు మీద ఫోన్ చూడకుండా, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత వైపు చూస్తూ ఉండమనండి. మా వాళ్ళకి అల్లం మురబ్బా ముక్క నోట్లో పెట్టుకుంటే హాయిగా ఉండేది, జేబులో నాలుగు ముక్కలుంటే నష్టం లేదు.

చలి గురించి ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు. ఫ్రీమాంట్‌లో 90 డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండలో బయల్దేరినా, బోటు మీద 60 దాటకపోవచ్చు, దానికి గాలి తోడు. మంకీ క్యాప్, సాక్సులు, షూస్, స్వెటర్ మీద గాలి దూరని జాకెట్. అమ్మ చీరే కడతానంటే లోపల థర్మల్స్ వేయించి, కొంగు జాకెట్ లోపలికి దోపించండి. శాలువా వద్దు, గాలికి నిలవదు.

ఇంత తంటా పడి వెళ్తే ఏం కనిపిస్తుందంటారా? మేము వెళ్ళినప్పుడు ముందు పక్షులు కనిపించాయి. పెలికన్లు పైనుంచి ఒకేచోట దబదబా నీళ్ళలోకి పడుతున్నాయి. కెప్టెన్ మైకులో చెప్పేలోపే నాన్న అటు చెయ్యి చూపించి, "పక్షి పడిందంటే అక్కడ చేపుందే అమ్మాయ్" అన్నారు, మా ఊళ్ళో వేటకెళ్ళేవాళ్ళు చెప్పే మాటే అది. బోటు అటు తిరిగి ఇంజను నెమ్మదించింది. నీళ్ళ మీద చిన్న చేపలు చిటపటా ఎగురుతున్నాయి, సీ లయన్లు గుంపుగా వాటి చుట్టూ తిరుగుతున్నాయి, ఇంతలో ఆ మధ్యలోంచి రెండు హంప్‌బ్యాక్‌లు నోళ్ళు బార్లా తెరుచుకుని నిలువుగా పైకి లేచాయి. గొంతు కింది ముడతలన్నీ సాగిపోయి, నోటి అంచుల నుంచి నీళ్ళు ధారలు కడుతుంటే, ఒకదాని పైదవడ లోపల పళ్ళకి బదులు వేలాడే కుచ్చుల వరస కూడా కనిపించింది. మళ్ళీ మునిగి కొంచెం పక్కన లేచి ఊపిరి వదిలితే ఆ తుంపర మా మీదికి కొట్టింది, కుళ్ళిన చేపల కంపు. అమ్మ ముక్కు మూసుకుంది కానీ కళ్ళు తిప్పలేదు. ఒడ్డుకొచ్చేదాకా కమ్మీ వదల్లేదు, ఒడ్డుకొచ్చాక మా చెల్లికి ఫోన్ చేసి అరగంట చెప్పింది.

మీవాళ్ళకి ముందే రెండు విషయాలు నేర్పండి, లేకపోతే అందరూ "అదిగో" అనేలోపు అయిపోతుంది. కెప్టెన్ దిక్కుల్ని గడియారం లెక్కలో చెప్తాడు: బోటు ముక్కు 12 గంటలు, కుడివైపు 3, వెనక 6, ఎడమ 9. రెండోది, హంప్‌బ్యాక్ వరసగా కొన్నిసార్లు ఊపిరి తీసుకుని, వీపు బాగా వంచి తోక పైకెత్తిందంటే లోతుకు వెళ్తోందన్నమాట, ఇక ఓ ఐదు పది నిమిషాలు రాకపోవచ్చు. ఆ తోక కిందివైపు నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఫోటో తీస్తే హ్యాపీవేల్ అనే సైట్‌లో పెట్టండి, అంతకుముందు ఎవరైనా ఎక్కడైనా దాన్ని ఫోటో తీసి పెట్టి ఉంటే చెప్తుంది. మేము పెట్టినదాన్ని చలికాలంలో మెక్సికో తీరంలో చూశారని తెలిసింది, నాన్న ఇండియా వెళ్ళాక కూడా ఆ పేజీ తెరిచి చూస్తుంటారు. మీ పాపకి ఇది చాలా నచ్చుతుంది.

తిమింగలాలకి ఆమడ దూరంలో ఆపుతారని కొందరు విసుక్కుంటారు. వంద గజాల దూరం పాటించాలన్నది ఇక్కడి మార్గదర్శకం, 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం వాటిని వేధించడం నేరం. 1971 దాకా మీ పక్కనే ఉన్న రిచ్‌మండ్‌లో తిమింగలాలను వేటాడి తెచ్చి కోసే కేంద్రం నడిచింది. అక్కడి నుంచి ఈనాడు పిల్లాపాపలతో వెళ్ళి చూసే స్థితికి వచ్చామంటే ఆ చట్టాల వల్లే. దగ్గరికి తోలుకెళ్ళే బోటు కన్నా దూరంగా ఇంజను నెమ్మదించి ఆగే బోటుకే డబ్బు పెట్టండి, రివ్యూలలో ఇది తెలిసిపోతుంది.

బుకింగ్ విషయంలో ఒక్క మాట. 'తిమింగలం గ్యారంటీ' అని రాసుంటుంది చాలాచోట్ల. మేము వెళ్ళిన ఒకచోట పొగమంచులో ఏమీ కనబడక అడిగితే డబ్బు వాపసు ఉండదు, ఇంకోసారి ఉచితంగా రండి అని చీటీ చేతిలో పెట్టారు. మా అత్తగారి విమానం ఆ వారంలోనే. అందుకే చివరివారం వద్దన్నది. గాలి ఎక్కువై వాళ్ళే రద్దు చేస్తే ఏం చేస్తారో కూడా చదువుకోండి.

వీళ్ళలో ఎవరికైనా కారులోనే తిప్పుతుందంటే అసలు సముద్రంలోకే వెళ్ళకండి, మాస్ ల్యాండింగ్ నుంచి ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పునీటి పాయ లోపలికి తీసుకెళ్ళే పాంటూన్ బోట్ ఎక్కండి. అది చదునైన పెద్ద బల్లకట్టులాంటి బోటు, నీళ్ళు కాలవలాగా కదలకుండా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఎంతో సుఖం. అక్కడ సీ ఆటర్లు, అంటే సముద్రపు నీటిపిల్లులు, వెల్లకిలా తేలుతూ పొట్ట మీద పీతల్ని పెట్టుకుని విరుచుకుని తింటుంటాయి, తల్లి పొట్ట మీద పిల్ల నిద్రపోతుంటుంది. బొచ్చు కోసం వేటాడి వాటిని దాదాపు తుడిచిపెట్టేశారు, 1938లో బిగ్ సర్ తీరంలో కొద్దిపాటి గుంపు బయటపడింది, ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్నవన్నీ ఆ కొద్దిపాటి వాటి సంతతే. ఆ స్లూలో గట్లను తొలిచే పీతల్ని ఆటర్లు తినేయడం వల్ల గట్లు కోసుకుపోవడం తగ్గిందని కూడా తేలింది. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో బోటెక్కినవాళ్ళుంటే వాళ్ళకి ఈ చోటు వెంటనే నచ్చేస్తుంది.

నన్నడిగితే మీ ఇంటికి ఇలా చేయండి: మీ అమ్మానాన్న, మీవారు పొద్దున్న తిమింగలాల బోటెక్కండి, మీరు అత్తగారితో, పాపతో స్లూ బోటెక్కండి, మధ్యాహ్నం అందరూ మాంటెరీలో కలుసుకుని అక్వేరియం చూడండి. అత్తగారు తనూ సముద్రంలోకి వస్తానని పట్టుబడితే పోటుపాట్లు చూసి ఇంకో తేదీ పెట్టుకోండి. పెద్దవాళ్ళ విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి, తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాస్తే ఆ రోజు నీరు ఎప్పుడు దిగుతుందో నేను కూడా చూసి చెప్తాను.