ఆ మెయిల్ మళ్ళీ మళ్ళీ చదవకురా

ఒరేయ్ నాన్నా,

నిన్న ఫోన్‌లో "బానే ఉన్నాను పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ గొంతు నాకు బాగా తెలుసు. నేనూ అదే గొంతుతో చాలా ఏళ్ళు అబద్ధాలు చెప్పాను. చివరి రౌండ్ దాకా వెళ్ళిన ఉద్యోగం చేజారింది, అదే నెలలో నువ్వు ఇష్టపడిన అమ్మాయి కూడా వద్దంది. ఫోన్‌లో చెప్పబోతే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు బాధగా ఉందని ఒప్పుకో. ఇంత చిన్నదానికి ఏడుపేంటని నిన్ను నువ్వు తిట్టుకోకు. 2003లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మెదడు స్కాన్ తీసే మెషిన్‌లో మనిషిని పడుకోబెట్టి కంప్యూటర్‌లో బంతాట ఆడించారు, కాసేపటికి అవతలి ఇద్దరూ అతనికి బంతి వేయడం మానేశారు (ఆ ఇద్దరూ మనుషులే కారు, అంతా ప్రోగ్రామే, పాపం ఇతనికి ఆ సంగతి తెలియదు). ఒంటికి దెబ్బ తగిలితే పనిచేసే మెదడు భాగాల్లో ఒకటి అప్పుడు చురుగ్గా కనిపించిందట. ముక్కూ మొహం తెలియనివాళ్ళు బంతి వేయకపోతేనే ఇంత జరిగితే, నీకు నిద్ర పట్టకపోవడంలో వింతేముంది? నాలుగు రోజులు బాధపడు, తప్పులేదు.

అయిదో రోజు నుంచి మాత్రం జాగ్రత్త. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక ఉద్యోగం రాలేదని ఉత్తరం వచ్చింది. టైపు చేసిన రెండు వాక్యాలు, కింద రబ్బరు స్టాంపు. దాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని తిరిగాను, తీయడం, చదవడం, మళ్ళీ మడవడం. నెల తిరిగేసరికి మడత దగ్గర చిరిగి రెండు ముక్కలైంది, ఆ ముక్కలు పక్కపక్కన పట్టుకుని మరీ చదివాను. అందులో రాసి ఉన్నది "ఈసారి మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం" అని. నేను చదువుకున్నది నీకు మాట్లాడటం రాదు, నీ వాలకం బాలేదు, నువ్వు దేనికీ పనికిరావు అని. ఇవేవీ ఆ కాగితం మీద లేవు. వాళ్ళు రాసింది రెండు ముక్కలు, మిగతా పేజీలన్నీ నేనే రాసుకున్నాను.

పదిహేనేళ్ళ తర్వాత నేనే బల్లకి అవతలి వైపు కూర్చున్నాను. ఒకసారి చివరికి ఇద్దరు మిగిలారు, ఇద్దరూ మంచివాళ్ళే, టైమ్ ఐదున్నర అయింది, మాలో ఒకాయన అప్పటికే బ్యాగు సర్దేసుకున్నాడు. "ఆ అమ్మాయి సోమవారమే చేరతానంది కదా" అని ఎవరో అన్నారు. అంతే, రెండో అబ్బాయి ఫైలు పక్కకి వెళ్ళిపోయింది. ఆ అబ్బాయి ఇంటికెళ్ళి తన మాటతీరు గురించో, వేసుకున్న చొక్కా గురించో కుమిలిపోయే ఉంటాడు. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను, చెప్పలేదు. ఆ ముల్లు ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

అలాగని ప్రతిసారీ మనది బంగారం, తప్పంతా వాళ్ళదే అనుకోకు. ఒక్కోసారి నిజంగానే మన తయారీ చాలదు. అందుకని ఉద్యోగం వాళ్ళని ఒక్కసారి మర్యాదగా అడుగు, నేను మెరుగుపరచుకోవాల్సింది ఒక్కటి చెప్పగలరా అని. జవాబిస్తే వాడుకో, ఇవ్వకపోతే రెండోసారి అడగకు. ఆ అమ్మాయిని మాత్రం ఆ ఒక్కసారి కూడా అడగొద్దు. ఇష్టం లేదని చెప్పింది, ఎందుకు లేదో నీకు అప్పజెప్పాల్సిన బాధ్యత ఆమెకి లేదు. అర్ధరాత్రి మెసేజ్‌లు, స్నేహితుల చేత రాయబారాలు, ఆమె చూడాలని పెట్టే ఏడుపు స్టేటస్‌లు ఏవీ వద్దు. ఆన్‌లైన్‌లో ఉందా లేదా అని చూడటం కూడా మానెయ్, ఆ చాట్ కనపడకుండా ఆర్కైవ్‌లో పడెయ్.

ఇక కాన్ఫిడెన్స్ సంగతి. అది వచ్చాక అడుగుదాంలే అని కూర్చుంటే రాదు. ఆల్బర్ట్ ఎల్లిస్ అని అమెరికాలో పేరున్న సైకాలజిస్టు, ఆయనకి 19 ఏళ్ళప్పుడు అమ్మాయిలతో మాట్లాడాలంటే చచ్చేంత బెరుకు. న్యూయార్క్‌లోని ఒక బొటానికల్ గార్డెన్‌కి నెల రోజులు వెళ్ళి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న వాళ్ళని పలకరించాలని తనకి తనే పందెం కట్టుకున్నాడు. వంద మందితో మాట్లాడితే కలుస్తానన్నది ఒక్కరు, ఆ ఒక్కరూ రాలేదు! కానీ ఆకాశమేమీ విరిగి పడలేదు, ఆ భయం వదిలిపోయిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. (నిన్ను పార్కుల్లో అమ్మాయిల వెంట పడమని కాదురా, తంతారు.)

నువ్వు చిన్నవాటితో మొదలుపెట్టు. పని గడువు ఒక్క రోజు పెంచమని అడుగు, మీటింగ్‌లో అర్థం కానిది అర్థం కాలేదని చెప్పు, నీకంటే సీనియర్‌ని పది నిమిషాలు టైమ్ ఇమ్మని అడుగు. మనం సాయం అడిగితే ఒప్పుకునేవాళ్ళ సంఖ్యని మనమే బాగా తక్కువగా అంచనా వేస్తామని 2008లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది, అంటే ఎదుటివాడు నోరు తెరవకముందే వాడి తరఫున "కాదు" అని మనమే చెప్పేసుకుంటున్నాం. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎన్నిసార్లు అడిగావో రాయి. ఎన్ని దక్కాయో రాయకు, అది నీ చేతిలో లేదు.

ఇంకొకటి, రెండు వారాలైనా తిండీ నిద్రా సరిగ్గా లేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, వెంటనే నాకు చెప్పు, డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం. అందులో నామోషీ ఏమీ లేదు.

ఆ రిజెక్షన్ మెయిల్ ఇంకా ఇన్‌బాక్స్‌లో పైనే పెట్టుకుని ఉంటావు, నాకు తెలుసు. దాన్ని తీసెయ్. ఆదివారం ఫోన్ చేస్తాను, ఈ వారం ఎవర్ని ఏం అడిగావో చెప్పాలి, వాళ్ళు ఏమన్నారో నాకు అక్కర్లేదు.

పెద్దమ్మ