ఉడుతల మీద ఎయిర్ రైఫిల్: ఇంగ్లండ్ పెరట్లో చట్టం చూసేది ఏమిటి?

ప్రశ్న: నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద కుటుంబంతో నార్తాంప్టన్‌లో ఉంటున్నాను. అద్దె ఇల్లు. బూడిదరంగు ఉడుతలు అటకలోకి దూరి కరెంటు తీగలు కొరుకుతున్నాయి. పెరట్లో వేసిన చిక్కుడు, బీర మొలకలను తవ్వేస్తున్నాయి. లైసెన్సు అక్కరలేదని చెబితే, తెలిసినవారి దగ్గర వాడిన .22 ఎయిర్ రైఫిల్ ఒకటి కొన్నాను. అది స్ప్రింగుతో పనిచేసేది. ఏ పెల్లెట్ (అందులో వేసి కాల్చే చిన్న గుండు) గురి తప్పకుండా వెళుతుందో చూడడానికి నాలుగైదు రకాలు తెప్పించి, కంచెకు అట్టపెట్టె ఆనించి కాల్చి చూస్తున్నాను. ఉడుతలను చంపడం నేరమవుతుందా? పదిహేనేళ్ల మా అబ్బాయి కాల్చవచ్చా? సంక్రాంతికి ఊరు వెళ్లేటప్పుడు దీనిని పెదవేగి దగ్గర కోకో తోట వేసిన మా అన్నయ్యకు తీసుకువెళ్లవచ్చా?

జవాబు: మీ మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నది. ఇంగ్లండ్‌లో బూడిదరంగు ఉడుతను చంపడం దానికదిగా నేరం కాదు. అది ఈ దేశపు జంతువు కాదు. ఉత్తర అమెరికా నుంచి తెచ్చి 1876లో చెషైర్‌లోని ఒక ఎస్టేటులో వదిలినప్పటి నుంచి వ్యాపించింది. చెట్ల బెరడు ఒలిచి అడవులకు చేస్తున్న నష్టం వల్ల దానికి చట్టరక్షణ లేదు, వేట నిషేధకాలమూ లేదు. అయితే మీరు అడగని విషయం ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టినది అదే: మీరు చేస్తున్న పెల్లెట్ల పరీక్ష.

లైసెన్సు అక్కరలేదన్న మాట అన్ని ఎయిర్ రైఫిళ్లకూ వర్తించదు. 1968 నాటి ఫైర్ ఆర్మ్స్ చట్టం, దాని కింద 1969లో వచ్చిన ప్రమాదకర ఎయిర్ ఆయుధాల నిబంధనల ప్రకారం, గొట్టం కొస నుంచి వెలువడే పెల్లెట్‌కు 12 అడుగు-పౌండ్లకు మించిన శక్తిని ఇవ్వగల ఎయిర్ రైఫిల్‌కు పోలీసుల నుంచి ఫైర్ ఆర్మ్ సర్టిఫికెట్ ఉండి తీరాలి. ఎయిర్ పిస్టల్‌కైతే హద్దు 6 అడుగు-పౌండ్లే. ఆ శక్తి పెల్లెట్ బరువు మీద, వేగం మీద ఆధారపడుతుంది: గ్రెయిన్లు అనే చిన్న కొలతలో బరువును, సెకనుకు అడుగుల్లో వేగపు వర్గంతో హెచ్చించి 4,50,240తో భాగిస్తే అడుగు-పౌండ్లు వస్తాయి. మీది .22 కనుక 16 గ్రెయిన్ల పెల్లెట్‌ను తీసుకుందాం. వేగం 580 అడుగులైతే శక్తి 11.95, అంటే హద్దులోనే ఉంది. అదే పెల్లెట్ 590 అడుగుల వేగంతో వెళితే 12.37 అవుతుంది. పది అడుగుల తేడాతో, సర్టిఫికెట్ అవసరం లేని వస్తువు కాస్తా సర్టిఫికెట్ లేకుండా ఉంచుకున్న తుపాకిగా మారిపోతుంది.

ఇక్కడ పెల్లెట్ ఎంపిక కేవలం గురికి సంబంధించిన సంగతిగా మిగలదు. ఒకే తుపాకి అన్ని పెల్లెట్లకూ ఒకే శక్తిని ఇవ్వదు. స్ప్రింగ్ రైఫిళ్లు సాధారణంగా తేలిక పెల్లెట్లతో ఎక్కువ శక్తిని ఇస్తాయి. ముందుగా గాలి నింపుకొనే పీసీపీ రైఫిళ్లు బరువైన పెల్లెట్లతో ఎక్కువ ఇస్తాయి. మీరు రోజూ వాడే పెల్లెట్‌తో శక్తి 11.5 దగ్గరే ఉండవచ్చు. కానీ నిబంధన అడిగేది ఆ తుపాకి 12 దాటించగలదా అనే. తుపాకిని స్వాధీనం చేసుకుంటే పోలీసులు తమ ప్రయోగశాలలో వేర్వేరు పెల్లెట్లతో పరీక్షిస్తారు కనుక, మీరు తెప్పించిన నాలుగైదు రకాలలో ఒక్కటి హద్దు దాటించినా చిక్కు మీదే. పైగా మీరు కొన్నది వాడిన తుపాకి. పాత యజమాని స్ప్రింగు మార్పించాడో లేదో మీకు తెలియదు.

తెలియదన్న మాట మిమ్మల్ని కాపాడదు. తన దగ్గరున్నది పురాతన వస్తువని నిజాయతీగా నమ్మిన వ్యక్తి విషయంలో 1977లో హోవెల్స్ కేసులో అప్పీలు కోర్టు, నమ్మకం ఎంత నిజాయతీగా ఉన్నా సర్టిఫికెట్ లేకుండా కలిగి ఉండడమే నేరమని తేల్చింది. ఈ నేరానికి అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. చిన్న శిక్షతో బయటపడినా, మీలాంటి వీసాదారుకు దాని నీడ చాలాకాలం వెంటాడుతుంది. రేపు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకున్నప్పుడు ప్రతి శిక్షనూ, పోలీసులు ఇచ్చిన అధికారిక హెచ్చరికను కూడా మీరు వెల్లడించవలసి ఉంటుంది. మొలకల కోసం, తీగల కోసం కుటుంబ భవిష్యత్తును పణంగా పెట్టవలసిన పని లేదు.

కాబట్టి ఇప్పటికిప్పుడు పరీక్షలు ఆపండి. దగ్గరలోని రిజిస్టర్డ్ ఫైర్ ఆర్మ్స్ డీలర్‌కు ముందుగా ఫోన్ చేసి, వాడిన రైఫిల్ కొన్నారనీ, దాని శక్తిని కొలిపించుకోవాలనుకుంటున్నారనీ చెప్పండి. వారి దగ్గర క్రోనోగ్రాఫ్, అంటే పెల్లెట్ వేగాన్ని కొలిచే పరికరం, ఉంటుంది. మీ దగ్గరున్న పెల్లెట్లన్నింటినీ డబ్బాలతో సహా తీసుకువెళ్లి, ఒక్కో రకంతోనూ వరుసగా కాల్పించి, ఏ పెల్లెట్, ఎంత బరువు, ఎంత వేగం అన్నది తేదీతో రాయించుకోండి. హద్దు దాటితే తుపాకిని ఇంటికి తీసుకురావద్దు. అక్కడే డీలర్‌కు అప్పగించి, శక్తి తగ్గించిన తరువాతే వెనక్కి తీసుకోండి. హద్దులోనే ఉన్నా 12కు ఆనుకొని ఉంటే కొంత తగ్గించమని అడగడమే మంచిది. నా ఉద్దేశంలో 11.5కు పైబడిన స్ప్రింగ్ రైఫిల్ మనశ్శాంతినివ్వదు. దారిలో తుపాకి ఖాళీగా, మూసిన సంచిలో ఉండాలి. బహిరంగ స్థలంలో సరైన కారణం లేకుండా ఎయిర్ ఆయుధాన్ని వెంట ఉంచుకోవడం, అందులో పెల్లెట్ ఉన్నా లేకున్నా, నేరమే.

తుపాకి హద్దులోనే ఉందనుకుందాం. తరువాతి ప్రశ్న పెల్లెట్ ఎక్కడ ఆగుతుందన్నది. మీరు కాల్చిన పెల్లెట్ మీ ఆవరణ దాటి పక్కవారి స్థలంలోకి వెళితే, అక్కడ ఉండేవారి అనుమతి లేనప్పుడు, అది నేరం. 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. ఎవరికీ తగలలేదన్నది సమర్థన కాదు. ఇంగ్లండ్ పెరళ్ల కంచెలు మీరు ఎరిగినవే: సన్నని చెక్క పలకలను ఒకదాని మీద ఒకటి ఆనించి కొట్టినవి. అట్టపెట్టెను చీల్చుకుని వచ్చిన పెల్లెట్ వాటి సందుల గుండా పోగలదు, పుచ్చిన పలకను తొలుచుకునీ పోగలదు. లక్ష్యం వెనుక మందపాటి ఇసుక బస్తా గాని, ఇటుక గోడకు ఆనించిన దళసరి పలక గాని, దానికోసమే అమ్మే ఇనుప పెల్లెట్ పెట్టె గాని ఉండాలి. ఉడుత విషయంలో ఈ జాగ్రత్త ఇంకా కష్టం, ఎందుకంటే అది కంచె మీదనో, చెట్టు కొమ్మ మీదనో, కప్పు అంచుననో కూర్చుంటుంది. పైకి ఎత్తి కాల్చి గురి తప్పితే, పెల్లెట్ వందల గజాల దూరం వెళ్లి పడవచ్చు. వెనుక చెట్టు మోడు గాని నేల గాని లేని చోట ఉన్న ఉడుతను వదిలేయవలసిందే. మీ పెరటి వెనుక వాహనాలు వెళ్లే దారి ఉందేమో చూడండి. ప్రజలకు వాహనాలతో వెళ్లే హక్కున్న దారి మధ్యభాగానికి 50 అడుగుల లోపల కాల్చినందువల్ల ఆ దారిన పోయేవారికి గాయమైనా, ఆటంకమైనా, అపాయం కలిగినా 1980 హైవేల చట్టం కింద మరో నేరమవుతుంది.

అద్దె ఇల్లు కనుక యజమాని రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఒప్పందంలో తుపాకుల గురించిన షరతు ఉన్నదేమో ముందే చదవండి. ఇరుగుపొరుగుకు ఒక మాట చెప్పి ఉంచడం చట్టం కోరేది కాకపోయినా చాలా అవసరం. కిటికీలోంచి రైఫిల్ పట్టుకున్న మనిషిని చూసినవారు అత్యవసర నంబరు 999కు ఫోన్ చేస్తే వచ్చేది ఆయుధాలు ధరించిన పోలీసులు. మీ చేతిలో ఉన్నది ఎయిర్ రైఫిలని వారికి దూరం నుంచి తెలియదు.

ఇక ఉడుత సంగతి. ఎర్ర ఉడుత 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం రక్షణలో ఉంది. దానిని ఉద్దేశపూర్వకంగా చంపితే, గాయపరిస్తే ఆరు నెలల వరకు జైలుకు వెళ్లవలసి రావచ్చు. ఇంగ్లండ్‌లో అది కంబ్రియా, నార్తంబర్లాండ్, ఐల్ ఆఫ్ వైట్, బ్రౌన్‌సీ దీవి, ఫార్మ్‌బీ వంటి చోట్లనే మిగిలింది కనుక నార్తాంప్టన్‌లో మీకు ఎదురుకాదు. అయినా సెలవులకు అటువైపు వెళ్లి ఎవరి పొలంలోనైనా కాల్చే ఆలోచన ఉంటే, రంగు ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు. బూడిదరంగు ఉడుతకు కూడా వేసవిలో వీపు మీద, కాళ్ల మీద ఎర్రని ఛాయ వస్తుంది. ఒంటి పరిమాణాన్ని, చలికాలంలో చెవుల మీద నిలిచే వెంట్రుకల కుచ్చును చూడాలి. స్కాట్లండ్‌లోనైతే 2016 డిసెంబరు 31 నుంచి ఒక జౌలు శక్తికి మించిన ఎయిర్ ఆయుధానికి సర్టిఫికెట్ తప్పనిసరి. ఇంగ్లండ్ నుంచి వెళ్లే సందర్శకుడికి వేరే అనుమతి కావాలి.

చంపడానికి అనుమతి ఉంది కదా అని హింసించడానికి లేదు. 1996 నాటి వన్య క్షీరదాల రక్షణ చట్టం, అనవసరమైన బాధ కలిగించే ఉద్దేశంతో అడవి జంతువును కొట్టడం, రాళ్లు రువ్వడం, నీట ముంచడం వంటి పనులను నేరాలుగా పేర్కొంది. గాయపడిన ఉడుతను వెంటనే, బాధ లేకుండా చంపే బాధ్యత కాల్చినవాడిదే. కాబట్టి ఏ పెల్లెట్ ఎంత దూరం నుంచి ఒకే చోట పడుతుందో కాగితం మీద తేల్చుకోకుండా జంతువు మీద ప్రయోగించడాన్ని నేను సమర్థించలేను. పరీక్ష జరగవలసింది లక్ష్యం మీద, వీలైతే ఎయిర్ గన్ క్లబ్బు రేంజిలో. బోనులో పడిన ఉడుత మనిషి అధీనంలోకి వచ్చినట్టే. దానికి 2006 జంతు సంక్షేమ చట్టం వర్తిస్తుంది. బోనులో పట్టిన ఉడుతను నీళ్ల తొట్టిలో ముంచి చంపిన ఒక వ్యక్తి 2010లో కోర్టులో నేరం ఒప్పుకోవలసి వచ్చింది. దయతలచి దూరంగా తోటలో వదలడానికి కూడా వీలులేదు: పట్టిన బూడిదరంగు ఉడుతను తిరిగి బయట వదలడాన్ని 2019 నాటి ఉత్తర్వు నిషేధిస్తుంది.

అటక సమస్యకు నా దృష్టిలో తుపాకి సరైన మార్గం కానే కాదు. తీగలు, నీటి గొట్టాలు, దూలాల మధ్య ఇరుకు చోట పెల్లెట్ ఎటు తిరిగి వస్తుందో చెప్పలేము. మీ అద్దె ఒప్పందం ఏడేళ్లకు తక్కువ కాలానిదైతే, ఇంటి కట్టడాన్ని, వెలుపలి భాగాన్ని, కరెంటు ఏర్పాట్లను బాగుచేయించే బాధ్యతను 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షను యజమాని మీద పెట్టింది. ఉడుతలు దూరే కంత, కొరికిన తీగలు, రెండింటికీ ఫొటోలు తీసి ఈమెయిల్ చేయండి. తీగలు బయటపడ్డాయన్న మాట ఆ ఉత్తరంలో స్పష్టంగా ఉండాలి, అది అగ్నిప్రమాదానికి సంబంధించినది కనుక. కంత మూసేముందు లోపల పిల్లలు లేవని చూసుకోమని చెప్పండి.

మీ అబ్బాయి వయసు పదిహేను కనుక, మీ ఆవరణలో మీ అనుమతితో ఒంటరిగా కూడా ఎయిర్ రైఫిల్ వాడవచ్చు. పద్నాలుగు నిండనివారైతే ఇరవై ఒక్కేళ్లు నిండిన పెద్దవారు పక్కనే ఉండాలి. కానీ పద్దెనిమిదేళ్లు నిండేవరకు అతను తుపాకిని గాని పెల్లెట్లను గాని కొనలేడు. మీరు తుపాకిని అతనికి బహుమతిగా ఇవ్వనూకూడదు. ఆవరణ దాటి తీసుకువెళ్లేటప్పుడు మీరు వెంట ఉండాలి. మిగతా వేళల్లో తుపాకి అతని చేతికి అందకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం కూడా మీ మీద నేరమవుతుంది. కాబట్టి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. చట్టం అనుమతించినా, మీరు పక్కన లేకుండా కాల్చనివ్వవద్దనే నేను చెబుతాను.

చివరిగా పెదవేగి. భారతదేశంలో 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేకుండా ఉండాలంటే రెండు హద్దులకూ లోబడాలి: శక్తి 20 జౌళ్లకు మించకూడదు, గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లకు, అంటే .177కు, మించకూడదు. ఇంగ్లండ్ హద్దు అయిన 12 అడుగు-పౌండ్లు సుమారు 16.3 జౌళ్లే కనుక శక్తి విషయంలో మీ రైఫిల్ గట్టెక్కవచ్చు. కానీ .22 అంటే 5.5 మిల్లీమీటర్లు. రంధ్రం కారణంగానే అది లైసెన్సు కావలసిన ఆయుధమవుతుంది. దానిని సామానులో పెట్టుకుని దిగితే మీరు, ఇంట్లో ఉంచుకుంటే మీ అన్నయ్య చిక్కుల్లో పడతారు. తీసుకువెళ్లవద్దు.

అక్కడ .177 కొనుక్కున్నా ఉడుతల మీద వాడవచ్చని కాదు. కోకో కాయలకు ఉడుతలు కన్నాలు పెట్టి నష్టం చేస్తాయన్నది గోదావరి జిల్లాల రైతులందరికీ తెలిసినదే. అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఉన్న జంతువును చంపడమే గాక, ఆ ప్రయత్నాన్ని, గాయపరచడాన్ని కూడా వేటగానే లెక్కిస్తుంది. మనిషి ప్రాణరక్షణకు సద్భావంతో చంపితే నేరం కాదన్న 11వ సెక్షను మినహాయింపు పంటకు వర్తించదు. పంట నష్టానికి అధీకృత అటవీ అధికారి నుంచి రాతపూర్వక ఉత్తర్వు ముందుగా పొందాలి. మీ అన్నయ్య దెబ్బతిన్న కాయల ఫొటోలతో, సర్వే నంబరు, నష్టపోయిన చెట్ల సంఖ్య రాసి జిల్లా అటవీ అధికారికి దరఖాస్తు పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు దగ్గర ఉంచుకోవాలి. జవాబు వచ్చేలోగా పండిన కాయలను చెట్టు మీద నిలవనివ్వకుండా వెంటవెంటనే కోయించమనండి.